ఇంట్లో ఆరుబయలు

ఇల్లు ఫెయిలవ్వాలని కోరుకునే మనిషిని ఆ రోజే మొదటిసారి చూశాను.

మామూలుగా నేనొస్తున్నానంటే జనం ముందురోజు నుంచే ఇంటికి సింగారం మొదలుపెడతారు. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కుతారు, తలుపుల కింద దుప్పట్లు చుట్టి పెడతారు. ఒకాయనైతే వంటింటి పొగగొట్టంలో తన తలగడే దూర్చాడు. నేను ఒక్కొక్కటీ పీకి అవతల పారేస్తుంటే మొహాలు మాడ్చుకుంటారు. ఇంట్లోకి గాలి ఎంత దూరుతోందో కొలవడం నా పని. వీధి తలుపు బార్లా తెరిచి, ఆ ఖాళీలో ఒక చట్రం బిగిస్తాను. చట్రానికి ఎర్ర గుడ్డ, గుడ్డ కింది భాగంలో పెద్ద ఫ్యాను. ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంది. లోపల గాలి తగ్గితే బయటి గాలి ఊరుకుంటుందా, ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి తోసుకొస్తుంది. ఎంత తోసుకొచ్చిందో మీటరు చెబుతుంది. ఇంతోటి పనికి ఇన్నేళ్ళుగా మోకాళ్ళు అరగదీసుకున్నాను. ఆఫీసులో నన్ను గాలమ్మ అంటారు. చాటుగా కూడా కాదు, మొహమ్మీదే అంటారు. నేనూ పలుకుతాను.

ఆ వీధిలో ఉన్నవన్నీ హౌసింగ్ బోర్డు వాళ్ళ పాత రెండంతస్తుల ఇళ్ళు. బోర్డు పెట్టిన షరతు ఒకటే. కొలతలో పాసైన ఇంటిని బాగుచేసి, ఉన్నవాళ్ళని అక్కడే ఉండనిస్తారు. ఫెయిలైతే పడగొట్టి, వాళ్ళని ఊరి చివర కట్టిన కొత్త ఫ్లాట్లలోకి పంపుతారు. అందరూ పాత ఇల్లు వదల్లేక నా కాళ్ళావేళ్ళా పడేవాళ్ళే. ఈవిడ తప్ప.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. ఇంట్లోనే కోటు, మెడకి మఫ్లరు, చేతులకి వేళ్ళు కత్తిరించిన ఉన్ని తొడుగులు. పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పనంట. నేనింకా వ్యానులోంచి సామాను దించుతూనే ఉన్నాను, అప్పుడే మొదలుపెట్టింది.

“ఇల్లు ఓటిదని రాసెయ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది.”

“నేను రాసేదేముందమ్మా, మీటరు చెప్పిందే,” అన్నాను.

“మీటరు మాత్రం ఏం చెబుతుంది? ముందు లోపలికి రండి. మీకే తెలుస్తుంది.”

తెలిసింది. బయటికీ లోపలికీ పెద్ద తేడా లేదు. ఆవిడ నన్ను గది గదికీ తిప్పి, ఇదిగో ఇక్కడ చెయ్యి పెట్టండి, ఇక్కడ చూడండి అంటూ ప్రతి కన్నాన్నీ కొత్త నగ చూపించినట్టు చూపించింది. కిటికీలు చూస్తుంటే నాకు అనుమానమొచ్చింది. చట్రాల చుట్టూ జిగురు మరకలున్నాయి, వాటి మీద దుమ్ము కూడా పడలేదు. అంటే నిన్నో మొన్నో దాకా అక్కడ గాలి దూరకుండా ఫోమ్ పట్టీలు అతికించి ఉన్నాయన్నమాట.

“పట్టీలు పీకేశారా?”

ఆవిడ ఏమాత్రం తడబడలేదు. “పాతబడిపోయాయని తీసేశాను.”

“పాతబడ్డవి చెత్తబుట్టలో ఉంటాయి. మీరు వంటింటి అటక మీద చుట్టలు చుట్టి దాచుకున్నారు, ఇప్పుడే చూశాను.”

“పోనీ పీకాను అనుకోండి. ఉన్నది ఉన్నట్టు కొలవడమే కదా మీ పని?”

నా నోటికి తాళం వేసేసింది. నిజమే, ఉన్నది ఉన్నట్టు కొలవడమే నా పని. సందులు పూడ్చి మోసం చేసేవాళ్ళని పట్టుకోవడం వచ్చుగానీ, పూడ్చినవి పీకి మోసం చేసేవాళ్ళని ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. నవ్వు కూడా వచ్చింది. ఆవిడ తొడుగులు తీసి చేతులు నా ముందు పెట్టేసరికి ఆ నవ్వు పోయింది.

వేళ్ళ కణుపులన్నీ వాచి, ఎర్రగా పగిలి ఉన్నాయి.

“రోజంతా ఆవిర్లో ఉంటాను, ఇంటికొచ్చి ఈ చలిలో పడుకుంటాను. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు. పోయిన వారం ఇస్త్రీ పెట్టె చేజారి ఎవరిదో కోటు కాలిపోయింది. ఇంకోసారైతే ఇంటికి పొమ్మన్నాడు మా సూపర్‌వైజరు. నాకోసం కూడా కాదమ్మా. నా సంగతి ఎలాగోలా అవుతుంది. పైన మా తమ్ముడున్నాడు, వాడికి చలి తగలకూడదు.”

తమ్ముడు కోల్డ్ స్టోరేజీలో సామాన్లు ఎత్తే పని చేసేవాడట. ఒకనాడు సాయంత్రం ఇతనూ ఇంకొకతనూ లోపలుండగానే తలుపు మూసుకుపోయింది. బయట ఎవరూ చూసుకోలేదు. తెల్లారి తీసేసరికి ఆ రెండో అతను పోయాడు. తమ్ముడు బతికాడు.

“కర్రలా బిగుసుకుపోయి ఉన్నాడు. అప్పుడే ఒట్టేసుకున్నాను, నేనున్నంతకాలం వీడికి చలి తెలియకూడదని. ఇంట్లో ఉన్న ఒక్క హీటరూ వాడి గదిలోనే పెట్టాను. మంచి దుప్పట్లన్నీ వాడికే. అయినా ఆస్పత్రి నుంచి వచ్చాక నాతో సరిగ్గా మాట్లాడడు. గదిలోంచి బయటికి రాడు, తలుపు గడియేసుకుంటాడు. చలి రాకుండా తలుపు కింద దుప్పటి కూడా అడ్డం పెట్టుకుంటాడు. కొత్త ఫ్లాట్లలో చలే ఉండదంట కదా? మీరు చూశారా?”

చూడకపోవడమేమిటి, వాటిని కొలిచింది నేనే. దోమ దూరేంత సందు కూడా లేదు ఎక్కడా. కొలిచిన రోజు ఇంజనీరు నాకు స్వీటు కూడా ఇచ్చాడు. అదే చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది. ఆ మొహం చూసి, ఇల్లు ఫెయిలైతే బాగుండునని నేనూ అనుకున్నాను. ఆ పట్టీల సంగతి నాకెందుకు, నా సొమ్మేం పోయింది అనుకున్నాను.

వంటింట్లో పొయ్యి ఆర్పించి, ఫ్యాను బిగించాను. ఈ పనిలో ఒక నియమముంది. బయటి తలుపులూ కిటికీలూ అన్నీ మూసుండాలి, లోపలి తలుపులన్నీ తెరిచుండాలి. అప్పుడే ఇల్లంతా ఒకే సంచిలా ఉంటుంది, కొలత కుదురుతుంది.

“పై గది తలుపు తీయించాలి,” అన్నాను.

“నేను అడిగితే తియ్యడు. మీరే అడిగి చూడండి. పరాయివాళ్ళయితే మర్యాదకైనా పలుకుతాడు.” ఆవిడ మెట్ల దగ్గరే ఆగిపోయింది. “కసరకండమ్మా వాణ్ణి.”

ఆవిణ్ణి ఫ్యాను దగ్గర కూర్చోబెట్టి, బయట ఎవరూ గుడ్డ కదపకుండా చూడమన్నాను. ఫ్యాను తిప్పాను. అది మొదలైందంటే పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. మీటరూ గొట్టమూ పట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లెక్కాను.

తలుపు కొట్టాను. జవాబు లేదు. ఇలాంటప్పుడు మేము చేసేది ఒకటుంది. సన్నటి గొట్టం తలుపు కిందనుంచి లోపలికి తోస్తే, ఇంటికీ ఆ గదికీ మధ్య గాలి ఒత్తిడిలో తేడా ఎంతో మీటరు చూపిస్తుంది. మంచి గదైతే అంకె సున్నా దగ్గర ఉంటుంది. దుప్పటి చుట్ట అడ్డమొచ్చింది, దాన్ని గొట్టంతోనే పక్కకి నెట్టి లోపలికి తోశాను.

మీటరు చూసి, అది చెడిపోయిందేమో అనుకున్నాను. ఇంటికీ బయటికీ మధ్య తేడా ఎంతో, ఇంటికీ ఆ గదికీ మధ్య తేడా కూడా అంతే. అంటే అది గది కాదు. అది ఆరుబయలు. గోడ లేకపోతే రావాలి ఆ అంకె, లేదా కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచుంటే రావాలి.

కింద ఆ మనిషి వేళ్ళు పగిలి కోటులో ముడుచుకుని కూర్చుంటే, పైన ఈ మహారాజు హీటరు పెట్టుకుని కిటికీ బార్లా తెరిచాడన్నమాట. నాకు ఒళ్ళు మండింది. కసరొద్దని చెప్పింది గానీ నా నోరు నా మాట ఎప్పుడు విన్నది కనక.

“ఏం బాబూ, కిటికీ తెరిచి కూర్చున్నావే? మీ అక్క కింద చలికి చస్తోంది, తెలుసా నీకు?”

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆ సందులోంచి వచ్చిన గాలికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై ఏళ్ళ మనిషి, గడ్డం పెరిగి, ఒంటి మీద రెండు స్వెట్టర్లు. వెనక కిటికీ రెండు రెక్కలూ తెరిచున్నాయి. మంచం కిటికీకి ఆనించి ఉంది. తలగడ కిటికీ గట్టు మీదే ఉంది. హీటరు ఓ మూల ఉంది, వైరు చుట్టి, దాని మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. దాన్ని వాడిందే లేదు.

“అక్కకి చెప్పారా?” అన్నాడు.

“ఇంకా లేదు.”

“చెప్పకండి. దుప్పటి అడ్డం పెట్టేది అందుకే. ఈ చలి కిందికి పోకూడదని.”

నాకు అర్థం కాలేదు. మొహం చూసి అతనే చెప్పాడు. ఫ్యాను హోరులో నేను తలుపుకి చెవి ఆనించి వినాల్సి వచ్చింది.

“అందరూ చలి చలి అంటారమ్మా. చలి కాసేపే. తర్వాత ఏమీ తెలియదు. ఆ గది చిన్నది. డ్రై ఐస్ పెట్టెలుండేవి, వాటిలోంచి పొగలా ఏదో వచ్చి కిందంతా పేరుకుపోయింది, ఊపిరాడలేదు. తలుపు చుట్టూ మందపాటి రబ్బరు. మావాడు ఆ రబ్బరుకి నోరానించి బయటి గాలి పీల్చాలని చూశాడు. గోళ్ళతో పీకాడు. పైన కాస్త గాలి ఉంటుందని నేను అరల మీదికి ఎక్కాను, వాణ్ణి కూడా రమ్మన్నాను, రాలేదు. తలుపు దగ్గరే ఉండిపోయాడు. కిటికీ మూస్తే నాకు ఆ రబ్బరు కనిపిస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాను, అయినా కనిపిస్తుంది.”

“ఇది మీ అక్కకి చెప్పొచ్చు కదయ్యా.”

“చెబుదామనే అనుకున్నాను. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజే హీటరు తెచ్చి ఈ గదిలో పెట్టింది. తన దుప్పటి నాకు కప్పింది. తమ్ముణ్ణి వెచ్చగా చూసుకుంటున్నానని అందరికీ చెప్పుకుంటుంది. ఇప్పుడు నాకు కావాల్సింది అది కాదక్కా అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

నేను గొట్టం వెనక్కి లాగి చుట్టుకున్నాను. అతనే మళ్ళీ అడిగాడు.

“కొత్త ఫ్లాట్లలో కిటికీలు తెరుచుకుంటాయా అమ్మా?”

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. “తెరుచుకోవు. అద్దాలు బిగించేశారు. గాలి గొట్టాల్లోంచి వస్తుంది, మిషను పంపిస్తుంది.”

తలూపాడు. ముందే తెలిసినట్టు ఊపాడు. “అయితే ఈ ఇల్లు పాస్ చెయ్యండి.”

“నా చేతుల్లో లేదు. అసలు కిటికీ ఇలా ఉంటే కొలవడమే కుదరదు. అది మూసి, ఈ తలుపు తెరిచుంచాలి. పావుగంట పడుతుంది.”

అతను కిటికీ వైపు చూశాడు. ఆ చూపు చూసి, వద్దులే బాబూ, ఇంకోరోజు చూద్దాం అనబోయాను. ఈలోగా వెళ్ళి రెక్కలు రెండూ లాగి, గొళ్ళెం పెట్టేశాడు. పెట్టి, గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంచి మంచం మీద కూర్చున్నాడు. “కానివ్వండి. తొందరగా కానివ్వండి.”

నా మోకాళ్ళు అంత వేగంగా మెట్లు దిగడం నేను చూడలేదు. ఫ్యాను వేగం ఒక్కో మెట్టూ పెంచుతూ కొలతలు తీసుకున్నాను. ఇల్లంతా ఈల వేస్తోంది. పట్టీలు పీకిన కిటికీల నుంచి గాలి తన్నుకొస్తుంటే ఆవిడ కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు సంగీతంలా వింటోంది. మధ్యలో ఒకసారి పైనుంచి ఏదో పడిన చప్పుడైంది. ఆవిడ లేవబోయింది, చెయ్యూపి కూర్చోబెట్టాను. మిగతా ఇళ్ళలో ఈ పావుగంట నాకు టీ తాగినంత తేలిక. ఆ రోజు మాత్రం మీటరు మీద అంకె నిలకడగా ఆగకపోతే దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

ఫ్యాను ఆపగానే పైన కిటికీ రెక్కలు ధడాలున తెరుచుకున్న చప్పుడు వినిపించింది. లెక్క చూసుకున్నాను. ఫెయిల్. దారుణంగా కూడా కాదు, కొద్దిలో. ఆ పట్టీలు ఉండుంటే పాసయ్యేది, అందులో నాకు ఇసుమంతైనా సందేహం లేదు.

“ఏమైంది?” అంది ఆవిడ.

“ఫెయిలైంది.”

ఆవిడ రెండు చేతులతో మొహం మూసుకుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుంది, ఆ వాచిన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

“అమ్మా, నా మాట వినండి,” అన్నాను. “ఆ పట్టీలు మళ్ళీ అతికించండి. నేను ఇక్కడే ఉంటాను. ఇంకోసారి కొలుస్తాను.”

“మీకేమైనా మతిపోయిందా?”

అప్పుడు చెప్పేశాను. అతను వద్దన్నాడు, తెలుసు. చెప్పకుండా ఎలా ఉంటాను, నేనేం రాయినా? కిటికీ సంగతి, హీటరు సంగతి, ఆ రబ్బరు సంగతి, కొత్త ఫ్లాట్లలో కిటికీలు తెరుచుకోవన్న సంగతి, అన్నీ చెప్పాను. ఆవిడ నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

“వాడా? కిటికీ తెరుస్తాడా? చలికి చావబోయి బతికినవాడు చలికాలంలో కిటికీ తెరుచుకుంటాడా?”

“పైకెళ్ళి అడగండి.”

మెట్లెక్కింది. వెనకే నేనూ ఎక్కాను. గది తలుపు ఇంకా బెత్తెడు తెరిచే ఉంది. ఆవిడ దాన్ని తొయ్యలేదు. బయటే నిలబడి, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది.

“ఏరా, ఈవిడేదో అంటోంది. నువ్వు కిటికీ తెరిచి పడుకుంటావట, మూస్తే ఊపిరాడదట. నిజమేనా?”

చెప్పు, చెప్పు బాబూ అని నాలో నేనే గొణుక్కుంటున్నాను. ఇప్పుడు చెబితే సరిపోతుంది. ఆవిడకి నువ్వంటే ప్రాణం, వెళ్ళి ఆ పట్టీలు తనే అతికిస్తుంది.

“ఇల్లు ఫెయిలైందా అక్కా?” అన్నాడు.

“అయిందిరా. వచ్చే నెల్లోనే మారిపోవచ్చట. అక్కడ చలే ఉండదట. నా వేళ్ళు కూడా బాగవుతాయేమో.” ఆవిడ తలుపు మీద చెయ్యి వేసింది. “నిజం చెప్పరా. నీకు ఇష్టం లేకపోతే వద్దు.”

“ఇష్టం లేకేం. ఆవిడకి ఏదో చెప్పి తప్పించుకున్నాను. సిగరెట్ కాల్చి, వాసన పోవాలని కిటికీ తెరిచాను. అంతే.”

“సిగరెట్టా? ఎప్పటినుంచిరా?”

“ఈమధ్యే.”

ఆ గదిలో సిగరెట్ వాసన లేదు. గాలి వాసన చూసే బతుకుతున్నదాన్ని, ఆమాత్రం నాకు తెలుసు. అబద్ధమని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ భుజం మీదుగా ఆ సందులోంచి అతను నన్నే చూస్తున్నాడు. రెండు చేతులూ జోడించాడు. నాది ఎంత పెద్ద నోరో మా వీధంతా చెబుతుంది. ఆ చేతులు చూశాక అది పెగల్లేదు.

“దొంగ వెధవా,” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. ఎంత తేలికపడిందో ఆ తిట్టులోనే తెలిసింది. “నేనింకేదో అనుకుని హడలి చచ్చాను. ఆ ఇళ్ళల్లో కాల్చనివ్వరురా. వాసన పోయే దారే ఉండదు. మానేయాలి మరి.”

“మానేస్తానక్కా,” అన్నాడు. “ఇప్పట్నుంచే మానేస్తాను.”

నాకు ఎవరి మీద కోపమొచ్చిందో తెలియదు. ఆవిడ మీద కాదు, ఆ వేళ్ళు చూశాను. అతని మీద కూడా కాదు. చట్రం విప్పుతుంటే ఒక బిగింపు రాలేదు, దాన్ని కాలితో తన్నాను. ఆవిడ పొయ్యి వెలిగించి టీ తాగి వెళ్ళమంది. వద్దన్నాను. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది, కొత్తింటికి తప్పకుండా రావాలంది. వస్తానన్నాను.

సామాను వ్యానులో పడేసి, ఎక్కి కూర్చుని పైకి చూశాను. కిటికీ రెక్కలు రెండూ మూసున్నాయి. అద్దం వెనక అతను నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ గట్టుని పట్టుకుని. తెరుస్తాడేమోనని ఇంజను వెయ్యకుండా కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. తెరవలేదు.